గొంతు పట్టుకున్న చోట

పోయిన వారం ఒక పెండ్లి బరాత్ వల్ల బాన్సువాడలో మా రోడ్డంతా ఆగిపోయింది. బీర్కూర్ బస్సు డ్రైవరు హారన్ మీద పెట్టిన చెయ్యి తీయడం లేదు. అంతలో డీజే బండి మీద నిలబడ్డతను కుడి చెయ్యి పైకెత్తి, పోలీసు బస్సును ఆపినట్టు అరచెయ్యి జనానికి చూపించాడు. పాట టక్కున ఆగింది. ఎగిరేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలిచిపోయారు. మళ్లీ బీట్ పడేదాకా నేను కూడా జిరాక్స్ మిషన్ మూత పట్టుకుని అట్లాగే ఉండిపోయాను. ఆ చెయ్యి ఎత్తడం ఆయనది. బండి మీది మనిషికి ఆ సంగతి తెలుసో లేదో నాకు తెలియదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాయకపోతే పోయేదేమీ లేదు. చేసిన ప్రతి పాట మొదట్లో తన పేరు తనే గట్టిగా అరిచి పెట్టుకున్న మనిషి. ఈ చుట్టుపక్కల మండలాల్లో ఏ పందిట్లో నిలబడినా ఆ పేరు వినబడుతుంది. నేనైతే "అన్నా" అనేదాన్ని. ఆయన నన్ను "చెల్లె" అనేవాడు. చుట్టరికమేమీ లేదు. నా జిరాక్స్ షాపు కింద, ఆయన గది పైన, మధ్యలో ఒక మెట్ల వరస. ఆయన కిరాయికి దిగిన మొదటి రోజే నా బల్ల మీది అద్దం గజగజా వణికింది. పైకి వెళ్లి తిట్టి వచ్చాను. మా పరిచయం అట్లా మొదలైంది.

ఆ గదిని చూస్తే ఎవరైనా కోళ్ల ఫారం అనుకుంటారు. గోడలనిండా కోడిగుడ్ల అట్టలు, కిటికీకి దుప్పటి. ఫ్యాను ఉండేది గానీ తిరిగేది కాదు. దాని గాలి చప్పుడు మైకులోకి వస్తుందని స్విచ్ మీద ప్లాస్టర్ అతికించాడు. పాడటానికి వచ్చిన ఆడవాళ్లు చెమటతో తడిసి, కిందికి దిగగానే నా షాపులో ఫ్యాను కింద కూలబడేవాళ్లు. "మంచిగ పాడింది, ఉడుకుల నిజం గొంతు ఎల్తది" అని ఆయన పైనుంచి సమర్థించుకునేవాడు. కంప్యూటర్ ముందు కూర్చునే ముందు మాత్రం చెప్పులు బయట విడిచేవాడు. దేవుడి గదికి కూడా అంత మర్యాద ఇచ్చి ఉండడు.

పాట రాయడానికి ఆయనకు కాగితం అక్కర్లేదు. బస్సెక్కేవాడు. ఎక్కడికీ పని లేకపోయినా బీర్కూర్ బస్సులో వెనక సీట్లో కూర్చుని, ఆడవాళ్లు కొట్లాడుకునే మాటలు వింటూ పోయి, అదే బస్సులో తిరిగి వచ్చేవాడు. వచ్చేసరికి పల్లవి తయారు. చప్పుళ్లు కూడా అంతే. రైస్ మిల్లు బెల్టు, వరికోత మిషను, చెరుకు రసం బండి గజ్జెలు, మా ఇంట్లో కుక్కర్ విజిల్, అన్నీ ఫోన్లో పట్టుకుని తెచ్చి వాటితో దరువు కట్టేవాడు. ఒక పండుగ పాటలో నా జిరాక్స్ మిషన్ కూడా ఉంది. అది నాకు చెప్పకుండా చేశాడు. ఊరేగింపులో నా మిషన్ మోగుతుంటే నేనే గుర్తుపట్టి ఖంగు తిన్నాను.

ప్రతి పాటకూ నా కాలే ఆయనకు సెన్సార్ బోర్డు. పైన పాట పెట్టి, అది మోగుతుండగానే గబగబా మెట్లు దిగివచ్చి నా బల్ల కిందికి వంగి చూసేవాడు.

"చెల్లె, కాలు ఆడిందా?"

"ఆడలె."

"అబద్ధం చెప్తున్నవ్."

"నీ పాటకు నా కాలు ఆడుడేంది? పోయి పని చూస్కో."

నిజానికి ఆడేది. ఆయన మెట్లు దిగే చప్పుడు వినగానే ఒక కాలి మీద ఇంకో కాలు వేసి నొక్కిపెట్టేదాన్ని. ఒప్పుకుంటే నెత్తికెక్కి కూర్చుంటాడని నా భయం. ఎవరైనా "పాట బాగుందన్నా" అంటే మాత్రం ఆయన మొహం మాడిపోయేది. బాగుంది అని నోటితో చెప్పగలిగారంటే ఒంటికి తగల్లేదని అర్థమట.

ఎవరికి కావాలంటే వాళ్లకు పాట చేసేవాడు. సర్పంచి ఎలక్షన్లప్పుడు ఒకే ఊళ్లో ఇద్దరు పోటీదార్లకూ చేసి, ఇద్దరి ముందూ ఇంకొకరిది బాగా రాలేదని చెప్పేవాడు. పుట్టినరోజు పిల్లల పేర్లు, పెండ్లికొడుకుల పేర్లు, కొత్త ట్రాక్టర్ల పేర్లు కూడా పాటల్లో పెట్టాడు. "అందరి పేర్లు మోగించిన చెల్లె. జనం పేరు కోసం కాదు, పాట కోసం అడిగేది ఒక్కటి చెయ్యాలె" అనేవాడు. ఆ ఒక్కటి ఎట్లా ఉండాలో కూడా ఆయనకు తెలుసు. "కొట్టుడు అందరికొస్తది. ఆపుడు రావాలె. బీట్ పడే ముందల ఒక్క సప్పుడు లేని జాగ ఉంటది చూడు, గక్కడ మనిషి పానం ఆగాలె." అట్లా చెబుతున్నప్పుడే ఆ అరచెయ్యి పైకి లేచేది. నేను నవ్వేదాన్ని.

నాట్ల కాలంలో ఒకరోజు ఆయన గది నుంచి ఒక పాట మోగింది. ఆయన కిందికి రాలేదు. ఎవరో ఆడమనిషి గొంతు. చదువుకున్న గొంతు కాదు, మైకు ఎరగని గొంతు. "రజితా... నా బిడ్డ రజితా..." అని ఎత్తుకుని, ఎవరినో తెల్లారి లేపుతున్నట్టు, జడ వేస్తున్నట్టు, బస్సెక్కిస్తున్నట్టు ఒక్కొక్క మాట అంటుంటే వెనక నలుగురు ఆడవాళ్లు అందుకుంటున్నారు. ఒక చోట ఆ గొంతు ఉన్నట్టుండి తెగిపోయింది. ఏ చప్పుడూ లేదు. నా చేతిలో ఆధార్ కార్డు అట్లాగే ఉంది. అప్పుడు పడింది బీట్. నా రెండు కాళ్లూ నేల మీద ఆడుతున్నాయి. పైకి వెళ్లి, "అన్నా, ఆడినయ్" అని చెప్పాను. అంత నిజం ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు. ఆయన తిరిగి చూడలేదు. చెప్పులు వేసుకునే కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు.

ఆ పెండ్లిళ్ల కాలమంతా "రజిత"దే. నస్రుల్లాబాద్‌లో రజిత, బీర్కూర్‌లో రజిత. అటు డోంగ్లి దిక్కు మరాఠీ పెండ్లిళ్లలో కూడా మాట అర్థం కాకపోయినా రజితే అడిగేవాళ్లట. ఎక్కడ మోగినా ఆ తెగిన చోట డీజే చెయ్యి ఎత్తడం, జనం గాలిలో ఆగడం, బీట్ పడగానే దుమ్ము లేవడం. ఎవరి పేరూ కాని పేరుకు ఊళ్లకు ఊళ్లు ఎగిరాయి. నా షాపు దగ్గర ఆయన కోసం బండ్లు ఆగేవి. నాకు గర్వంగానే ఉండేది, దాచుకోవడమెందుకు.

అట్లాంటి ఒక పొద్దున ఒక పెద్దామె వచ్చింది. కూలి పని మనిషి. చీర ఇంకా నాటుకు కట్టినట్టు పైకే ఉంది.

"పాటలు చేసేటాయన ఏడుంటడు బిడ్డా?"

బతుకమ్మ పాటకు గొంతు ఇవ్వడానికి వచ్చిందేమో అనుకున్నాను. "పైన ఉంటడవ్వా. ఉడుకుల కూసోవెడ్తడు, మంచినీళ్లు తాగిపో" అని పరాచికమాడాను. ఆమె నవ్వలేదు. మెట్లు ఎక్కుతుంటే ఎందుకో నేను కూడా వెనకే వెళ్లాను.

గుమ్మంలో నిలబడి అడిగింది. "నువ్వేనా కొడుకా, రజిత పాట చేసినోనివి?"

ఆ గొంతు వినగానే ఆయన కుర్చీలోంచి లేచాడు. నాకు కూడా అప్పుడే తెలిసింది. పాటలో ఉన్న గొంతు అదే.

"కూసో అవ్వా," అన్నాడు.

"కూసోను. ఒక్కపారి పెట్టు. పెండ్లిల పూర్తిగ ఇనలేకపోయిన. ఫంక్షన్ హాల్ల బోళ్లు తోముతున్న, బయట మోగింది. చేతుల బోలు ఆడనే ఇడిసి ఎల్లొచ్చిన."

ఆయన పెట్టలేదు. ఆమె కదల్లేదు. చివరికి ఆయన వేలు నొక్కింది. సౌండ్ తగ్గించి పెట్టాడు. అయినా అట్టల గోడల మధ్య అది పెద్దగానే వినబడింది. ఆమె నేల చూస్తూ విన్నది. పెదవులు పాటతో పాటు కదులుతున్నాయి. గొంతు తెగిన చోటు రాగానే తల ఎత్తింది.

"గీడ, గీడ నా గొంతు పట్టుకున్నది కొడుకా. ఊపిరి అందలె. బురదల పడిపోతుంటె మా వదినె రెక్క పట్టుకున్నది."

బీట్ పడింది. ఆయన గబుక్కున ఆపేశాడు.

"గక్కణ్ణే గదా అందరు ఎగుర్తుండ్రు," అన్నది ఆమె.

తర్వాత ఆమె చెప్పింది కొంచెమే. రజిత ఆమె బిడ్డ. ఇల్లంతటిలో చదువుకున్నది అదొక్కతే. బాన్సువాడలోనే ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేసేది, పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేది. వానకాలం మొదట్లో జ్వరం వచ్చింది. దవాఖానలో చేర్చారు, ఇంటికి తేలేకపోయారు. ఆ నెలలోనే నాట్లు. నాటు వేస్తూ వేస్తూ ఆమెకు బిడ్డ మీద శోకం వచ్చింది. కూడా ఉన్న ఆడవాళ్లు ఆమెను ఒంటరిగా ఏడవనివ్వకుండా తామూ అందుకున్నారు. మా దిక్కు ఆడవాళ్లు ఏడ్చేటప్పుడు కూడా రాగం తప్పరు. పాటలు పట్టుకుంటానని అడిగి ఒడ్డు మీద ఫోన్ పెట్టుకుని కూర్చున్న మనిషిని ఆ ఏడుపులో అందరూ మరచిపోయారు.

"బంద్ చెయ్ కొడుకా. నా బిడ్డ పేరు తీస్కొని తాగి ఎగురుడేంది?"

"ఎట్ల చెయ్యాలె అవ్వా? అందరి పెన్‌డ్రైవులల్ల పడ్డది. ఇగ నా చేతుల లేదు."

"చేసిన చెయ్యి నీదే గదా," అని ఆమె వెళ్లిపోయింది. నేను పోసి పెట్టిన మంచినీళ్లు గ్లాసులోనే ఉన్నాయి.

నేను ఆయన వైపు తిరిగాను. "ఏడుపని నీకు తెల్వదా?"

అబద్ధం చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. "తెల్సు చెల్లె. ఆడనే తెల్సింది. గని గసొంటి ఆపుడు నేను ఎన్నడు ఇనలె. ఎంత చేసినా నాతోని కాని ఆపుడు. పోనిచ్చుకోబుద్ధి కాలె."

నాకు ఆయనంటే అసహ్యం వేసింది. ఆ మాట మొహం మీదే అన్నాను. కొన్నాళ్లు మాట్లాడలేదు. నా కాళ్ల మీద కూడా కోపం వచ్చింది, ఆ ఏడుపుకే కదా అవి ఆడింది.

తర్వాత ఆయన పడ్డ పాట్లు చూస్తే ఆ కోపం నిలవలేదు. తెలిసిన ప్రతి డీజేకూ ఫోన్ చేశాడు. రజితను తీసెయ్యమని బతిమాలాడు. ఎందుకంటే మాత్రం చెప్పడు. "కంపెనీకి ఇచ్చేసిన, ఇగ పెడ్తే కేసైతది" అని అబద్ధమాడేవాడు. వాళ్లకు మండింది. పెద్దవాడయ్యాడని, మనల్ని ఎక్కించి నిచ్చెన గుంజుకుంటున్నాడని బస్టాండులో చెప్పుకున్నారు. నేనే ఉండబట్టలేక అడిగాను.

"చావు శోకమని చెప్పరాదు? సగం మంది ఆ మాటకే తీసేస్తరు."

ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "చెల్లె, ఎన్ని పెండ్లిలల్ల మోగిందో ఎర్కేనా? చావు పాట మీద బరాత్ ఎల్లిందని తెలిస్తే, రేపు ఏ ఇంట్ల ఏం జరిగినా గా కొత్త పిల్ల మీదికే వస్తది. పిల్ల పాదం మంచిది కాదంటరు. పాట పెట్టినోన్ని ఎవ్వడనడు, చేసినోన్ని ఎవ్వడనడు. గా పిల్లను అంటరు."

అది నిజం. మా దగ్గర అట్లాగే అంటారు.

ఫోన్లతో పని కాక, బరాత్‌లకు తనే వెళ్లడం మొదలుపెట్టాడు. పిలవని పెండ్లికి పోయి జనరేటర్ పక్కన నిలబడి, రజిత వంతు వచ్చేసరికి డీజే చెవిలో ఏదో ఒకటి చెప్పి వేరే పాట పెట్టించేవాడు. కొందరు వినేవాళ్లు. కొందరు మొహం మీదే నవ్వేవాళ్లు.

నస్రుల్లాబాద్‌లో మా చిన్నమ్మ బిడ్డ పెండ్లి అయింది. పొద్దు గుంకే వేళ బరాత్ కదిలింది. పూలు కట్టిన కారులో పెండ్లిపిల్ల, పిల్లగాడు. ముందు డీజే బండి. అబ్బాయి తరఫు పోరగాళ్లు అప్పటికే మంచి మత్తు మీద ఉన్నారు. జనరేటర్ పక్కన ఆయన నిలబడి ఉన్నాడు. ఈ పెండ్లిలో గొడవ అయితే మాట పడేది మా పిల్లే.

"రజిత పెట్టన్నా! రజిత! రజిత!" అని అరుపులు లేచాయి. డీజే ఆయన వైపు చూశాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. డీజే వేరే పాట పెట్టాడు. ఒకరు బండి ఎక్కి మైకు గుంజుకున్నారు. పిల్లగాని మేనమామ ముందుకు వచ్చాడు. అతను మామూలప్పుడే గట్టి మనిషి, ఆ రోజు ఇంకా గట్టిగా ఉన్నాడు.

"ఎవడ్రా పెట్టద్దనేది? మా పెండ్లికి నువ్వెవ్వనివి?"

డీజే భయపడిపోయాడు. "రజితా..." అని అవ్వ గొంతు ఊరంతా లేచింది. జనం హోరెత్తారు. ఆ గొంతు తెగే చోటు వస్తోంది. డీజే చెయ్యి ఎత్తాడు, అందరూ ఆగారు. బీట్ పడలేదు. బాక్సులు మూగబోయాయి, బండి మీది లైట్లు పోయాయి. ఆయన జనరేటర్ బంద్ చేసి, దాని మూతకు వీపు ఆనించి నిలబడ్డాడు.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత అందరూ ఆయన మీదికి పోయారు. చొక్కా పట్టుకుని గుంజారు. పెదవి పగిలింది. "ఎందుకాపినవ్ చెప్పు! ఎవ్వలు పంపిండ్రు? మా పిల్లగాని బరాత్ పాడు చేస్తవా?" మేనమామ రాయి అందుకున్నాడు. కారులో మా పిల్ల మొహం తెల్లబోయింది. ఆ మనిషిని చంపేసేటట్టున్నారు. నేను జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్లాను. "ఆగుండ్రి! ఆయన ఎందుకాపిండో నాకెర్కె. గా పాట..." అన్నాను.

ఆయన నన్ను చూశాడు. రక్తం కారుతున్న మొహంతో అరచెయ్యి పైకెత్తాడు, నా వైపు. నా మాట అక్కడే ఆగిపోయింది.

తర్వాత ఆయన అందరికీ వినబడేటట్టు అన్నాడు. "పాట మంచిగ లేదే. నేనే చేసిన, నాకే నచ్చుతలేదు. చెత్త పాట. ఇనబుద్ధి కాక ఆపిన."

ఒకరు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. తన పాట తనకే నచ్చక దెబ్బలు తినే పిచ్చివాడిని వాళ్లు ఎక్కడా చూసి ఉండరు. మేనమామ కూడా రాయి పడేసి, "గీనికి దిమాగ్ ఖరాబైంది" అని చొక్కా వదిలాడు. ఆయన మూతి తుడుచుకుని, జనరేటర్ స్టార్ట్ చేసి, బండి ఎక్కి, బరాత్ ఇల్లు చేరేదాకా వరసగా పాటలు తనే వాయించాడు. ఒకదాన్ని మించి ఒకటి. అబ్బాయి తరఫువాళ్లు చెమటలు కక్కుతూ ఎగిరారు. ఇన్నేళ్లలో తన పాటల్లో ఒక్కదాన్ని కూడా బాగాలేదని ఎవరినీ అననివ్వని మనిషి ఆయన. నేను కారు పక్కన నడుస్తూ పెండ్లిలో ఏడవకూడదని కొంగు నోట్లో పెట్టుకున్నాను.

ఆ మాట మాత్రం ఊళ్లు తిరిగింది. తన పాట చెత్త అని తనే అన్నాడట, దిమాగ్ సక్కగ లేదట. ఆర్డర్లు పలచబడ్డాయి. పెద్ద పని చేసేవాళ్లు నిజామాబాద్ దిక్కు వెళ్లడం మొదలుపెట్టారు. రజిత కూడా మెల్లగా సద్దుమణిగింది. డీజే పాటకు ఒక్క కాలమే ఆయుష్షు, కొత్తవి వచ్చి దాన్ని తొక్కేశాయి. ఆయన తన దగ్గరున్న పాటను తీసేశాడు. పొలంలో పట్టుకున్న అసలు రికార్డింగును కూడా తీసేశాడు. తీసేసిన రోజు కిందికి వచ్చి, "అయిపోయింది చెల్లె" అని, నా షాపులో ఫ్యాను కింద చాలాసేపు కూర్చున్నాడు.

మళ్లీ కోతలయ్యాక అవ్వ వచ్చింది. ఈసారి చేతిలో చిన్న ఫోన్ ఉంది. ఆయన కిందనే, నా షాపులోనే ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"ఎక్కడ మోగుతలేదవ్వా. అంత బంద్ చేపిచ్చిన," అన్నాడు, లెక్క అప్పజెప్పే పిల్లాడిలాగా.

"ఎర్కనే కొడుకా. మోగుతలేదు." ఆమె ఫోన్ బల్ల మీద పెట్టింది. "గా పాట దీంట్ల ఎయ్యి."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నాకే ముందు నోరు లేచింది. "నువ్వే గదా బంద్ చెయ్యమన్నవ్! ఆయన గా పాట కోసం సచ్చేటట్టు దెబ్బలు తిన్నడు తెల్సా?"

ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు. "నేనే అన్న బిడ్డా. గప్పుడు కడుపు మండింది. ఇప్పుడు మా ఊర్లె దాని పేరు ఎవ్వలు తీస్తలేరు. నా ముంగట తీస్తే ఏడుస్తనని నా మొగడు తియ్యడు, మా వదినె తియ్యది. గప్పుడైతే యాడనో పెండ్లయితుంటె దూరంకెల్లి ఇనొచ్చేది. మండేది, గని దాని పేరు ఇనొచ్చేది."

ఆయన కూర్చుండిపోయాడు. "ఒక్కటి గూడ లేదవ్వా. అంత తీసేసిన."

"ఒక్కటన్న దాసకపోతివా?"

"నువ్వద్దన్నవ్ గదా."

"నేను కడుపుమంటల అన్నది గట్లనే పట్టుకుంటవా కొడుకా," అంది ఆమె.

మళ్లీ పాడతావా అని ఆయన అడగనే అడిగాడు. "గప్పుడు పాడిన్నా నేను?" అని ఒక్క ముక్క అని, ఫోన్ కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

ఆ మరునాటి నుంచి ఆయన మళ్లీ తిరగడం మొదలుపెట్టాడు. ఎవరి కాళ్లావేళ్లా పడి తీయించాడో, మళ్లీ వాళ్లనే పట్టుకుని రజిత ఉందా అని అడిగాడు. ఇంకెక్కడైనా మిగిలిందేమో తీయించడానికే అడుగుతున్నాడనుకుని వాళ్లు విరగబడి నవ్వారు. ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు. అంత బాగా తుడిపించాడు. నా షాపులో కూర్చుని ఫోన్ మీద ఫోన్ చేసేవాడు. నేను కూడా చేశాను. ఆయన మొహం పీక్కుపోయింది. ఛాతీలో మంట అంటే మిర్చి బజ్జీలు మానెయ్యమని నేనే తిట్టాను. మంగళవారం పొద్దున మెట్ల మీద కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది.

సాగనంపడానికి డీజేలందరూ వచ్చారు. బండ్లను వరసగా పెట్టి, బాక్సులు బంద్ ఉంచి, వట్టి డప్పులతోనే తీసుకుపోదామన్నారు. అవ్వ ఎట్లా తెలుసుకుందో, బస్సు దిగి వచ్చి నా షాపు గోడకు ఆనుకుని నిలబడింది. పాడె లేపుతుండగా డోంగ్లి నుంచి ఒక డీజే బండి దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. దాని మనిషి దిగీ దిగగానే పాడె దగ్గరికి ఉరికాడు. అటువైపు వాళ్లు అన్నను దాదా అంటారు.

"దాదా అడిగిండు గా పాట. రజిత. మా దిక్కు ఇంకా పెడ్తం, నా దగ్గర ఉండె. రేపు తెస్త దాదా అని నిన్ననే చెప్పిన. తెచ్చిన, పెడ్త."

"పెట్టద్దు!" అని నలుగురు అడ్డం పడ్డారు. "గా పాట అన్నకు పడది. దాని కోసం తన్నులు తిన్నడు. సచ్చినంక గూడ బాధ పెడ్తవా?"

"ఆయనే అడిగిండంటున్న గదా!"

మాట పెరిగింది. ఒకరినొకరు తోసుకుంటున్నారు. పాడె మోసేవాళ్లు ఎటూ కదలలేక నిలబడ్డారు. ఎవరి మాట నిజమో తెలిసినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే. కానీ చెప్పాల్సింది నేను కాదు. గోడ దగ్గరికి వెళ్లాను. "ఏం చెయ్యమంటవ్ అవ్వా?" అని అడిగాను.

ఆమె పాడె వైపు చూసింది. "పెట్టమను," అంది.

నేను వెళ్లి డోంగ్లి మనిషికి చెప్పాను. నా మొహం చూసి మిగిలినవాళ్లు పక్కకు జరిగారు. చావు కాబట్టి అతను సౌండ్ బాగా తగ్గించి పెట్టాడు. బండి ముందు, వెనక పాడె, పక్కన మేము. వైకుంఠధామం దారిలో "రజితా... నా బిడ్డ రజితా..." అని సన్నగా వినబడుతోంది. డప్పులవాళ్లు కొట్టడం ఆపారు. గొంతు తెగిన చోటు వచ్చింది. ఎవరూ ఎగరలేదు. బీట్ పడింది, నడుస్తున్న కాళ్లన్నీ దానితో పాటే పడ్డాయి. అవ్వ పడిపోతుందేమో అని భయమేసి నేను ఆమె రెక్క గట్టిగా పట్టుకున్నాను. ఆమె నా చెయ్యి విడిపించుకుంది.

"గింత సిన్నగ పెట్టిండేంది బిడ్డా," అంది. "సౌండు పెంచమను."